ఎండా, చర్మమూ, విటమినూ

ఎండకు కొదవ లేని సీమ ఏదని అడిగితే నల్లగొండ, పాలమూరు జిల్లాల పేర్లే ముందు చెప్పాలి. చెల్క నేలలు, నల్లరాతి గుట్టలు, నెర్రెలు విచ్చిన చెరువు గర్భాలు, వాటి మీద నిప్పులు చెరిగే పొద్దు - తరతరాలుగా ఆ సీమను తలచుకోగానే కళ్ళకు కట్టే చిత్రం ఇదే. 2016లో జిల్లాలను విడదీశాక సూర్యాపేట, యాదాద్రి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల అని కొత్త పేర్లు వచ్చాయి. ఎండను మట్టుకు ఎవరూ పంచుకోలేదు, అది అందరికీ నిండుగానే ఉన్నది.

అటువంటి చోట ఒక రైతు చర్మరోగంతో ఆస్పత్రికి పోతాడు. మోచేతుల మీద, మోకాళ్ళ మీద, తల వెంట్రుకల్లో ఎర్రటి మచ్చలు, వాటి మీద వెండిరేకుల్లాంటి పొలుసులు. డాక్టరు చూసి, సొరియాసిస్ అని పేరు చెప్పి, రక్తపరీక్ష కూడా చేయించి, "మీకు విటమిన్ డి బాగా తక్కువగా ఉన్నది, అది ఎండ వల్ల వచ్చే విటమిను" అంటాడు. రైతుకు నవ్వాలో ఏడవాలో తెలియదు. "గింత ఎండల పుట్టి పెరిగినోణ్ణి, నాకు ఎండ తక్కువయిందా సారూ?" అని అడుగుతాడు.

అడగవలసిన ప్రశ్నే. దీని వెనుకనే మరొక ప్రశ్న కూడా నక్కి ఉన్నది. డి తక్కువగా ఉన్నందువల్లనే ఈ జబ్బు వచ్చిందా? అయితే ఆ విటమిను మాత్రలు మింగితే పొలుసులు రాలిపోయి చర్మం మామూలుగా అవుతుందా? అవుతుందని చెప్పి మాత్రలు, ఇంజక్షన్లు అమ్మేవారికి కొదవ లేదు. నెల తరువాత నెల వాటిమీద డబ్బు పోసి, చర్మం ఎక్కడిదక్కడే ఉంటే తమ తలరాత ఇంతేననుకుని కూర్చునేవారికీ కొదవ లేదు.

మొదటి ప్రశ్నను మొదట చూద్దాం.

నీడ కొలత

విటమిన్ డి అనేది అసలు విటమిను అనిపించుకోదగ్గది కాదు. విటమినులంటే శరీరం తయారు చేసుకోలేనివి, తిండిలో నుంచే రావలసినవి. దీనిని మన చర్మమే తయారు చేసుకుంటుంది. చర్మంలో కొలెస్ట్రాలుకు దాయాది వంటి ఒక పదార్థం ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలలో 290 మొదలు 315 నానోమీటర్ల దాకా ఉండే పొట్టి కిరణాలు, అంటే బి తరగతివి, తగిలినప్పుడు అది రూపు మార్చుకుంటుంది. ఒంటివేడికి ఇంకొంచెం మారి డి అవుతుంది. అక్కడి నుంచి రక్తంలో పడి కాలేయంలో ఒక మార్పు, మూత్రపిండాల్లో మరొక మార్పు పొందిన తరువాతగాని పనికి రాదు. రక్తపరీక్షలో కొలిచేది కాలేయంలో తయారైన రూపాన్ని. మిల్లీలీటరు రక్తంలో అది 20 నానోగ్రాములకు తగ్గితే లోపం కింద లెక్క.

ఇక్కడే ఒక పొరపాటు అభిప్రాయం చాలామందిలో ఉన్నది. ఎండ చుర్రుమంటే విటమిను తయారవుతున్నదని అనుకుంటారు. చుర్రుమనడానికీ దీనికీ సంబంధం లేదు. పొద్దు నెత్తిమీదికి ఎంత వచ్చిందన్నదే లెక్క. పొద్దున ఏడింటికీ, సాయంత్రం అయిదింటికీ ఎండ పడేది ఏటవాలుగా గనుక, ఆ పొట్టి కిరణాలు గాలిపొరలలోనే ఇంకిపోతాయి. సులువైన కొలత ఒకటున్నది: మన నీడ మనకన్నా పొట్టిగా ఉన్న వేళల్లోనే చర్మం ఆ పని బాగా చేస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ భూమధ్యరేఖకు సుమారు 17 డిగ్రీల ఉత్తరాన ఉన్నాయి. పుష్యమాసంలో కూడా నడిమధ్యాహ్నం అక్కడ మనిషి నీడ మనిషికన్నా పొట్టిదే. అంటే ఏడాది పొడుగునా విటమినుకు అక్కడ అవకాశం ఉన్నది.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం ఈ సంగతిని స్వయంగా పరీక్షించింది. చర్మంలో ఉండే ఆ మూలపదార్థాన్ని చిన్న గాజుబుడ్లలో పోసి, గంటగంటకూ ఎండలో పెట్టి, ఎంత మార్పు వచ్చిందో కొలిచారు. పగలు 11 మొదలు 2 గంటల దాకానే మార్పు బాగా కనిపించింది. మన సీమ తిరుపతికి మూడున్నర డిగ్రీలు మాత్రమే ఉత్తరం గనుక ఇక్కడి లెక్క కూడా దాదాపు అంతే.

ఇక ఆ మూడు గంటలూ మన పల్లెల్లో ఎవరు ఎక్కడ ఉంటారో ఆలోచించండి. రైతు తెల్లవారుజామున పొలానికి పోయి, ఎండ ముదిరేసరికి చెట్టు కిందికి చేరతాడు. మళ్ళీ పొద్దు వాలాక పనిలో దిగుతాడు. చేరకపోతే వడదెబ్బ. వైశాఖంలో మిట్టమధ్యాహ్నం నిలబడి విటమిను సంపాదించమని నల్లగొండ మనిషికి చెప్పేవాడు ఎవడైనా ఉంటే ముందు వాణ్ణి అక్కడ నిలబెట్టాలి! కలుపు తీసే ఆడవాళ్ళు తల నిండా కొంగు కప్పుకుంటారు, మగవాళ్ళ పాత చొక్కా ఒకటి చీర మీద తొడుక్కుంటారు. ఎండకు మిగిలేది ముంజేతులు, ముఖం. పైగా చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ ఆ కిరణాలను మధ్యలోనే పట్టేస్తుంది. తెల్లవాళ్ళకు పది నిమిషాలలో తయారయ్యేది నల్లని చర్మానికి అంతకు ఎన్నో రెట్లు కాలం పడుతుంది.

పోచంపల్లి, గద్వాల, నారాయణపేట నేతగాళ్ళ సంగతి మరొక తీరు. గుంటమగ్గంలో కాళ్ళు దించుకుని కూర్చున్న మనిషికి పగలు పది గంటల నుంచి నాలుగింటి దాకా తెలిసే ఎండ, కిటికీలోంచి పడుగుమీద పడే వెలుగు మాత్రమే. ఆ కిటికీకి అద్దం ఉంటే అదీ విటమినుకు పనికి రాదు. పొట్టి కిరణాలు మామూలు అద్దం దాటవు.

హరినారాయణ్ బృందం 2007, 2008 సంవత్సరాలలో ప్రకటించిన సర్వేలు కూడా ఇదే చెబుతున్నాయి. పొలం పనులు చేసే పల్లెవాసుల రక్తంలో డి పట్నవాసులకన్నా ఎక్కువే. అయినా పల్లెలో మగవాళ్ళలో నూటికి 44 మందికి, ఆడవాళ్ళలో నూటికి 70 మందికి అది లోపం కిందికే వచ్చింది. దీనిలో తిండి చేయి కూడా ఉన్నది. ధాన్యమే ప్రధానమైన తిండిలో కాల్షియం తక్కువ. ఉన్న కాస్త కాల్షియాన్నీ ధాన్యపు పొట్టులోని ఫైటేట్ అనే పదార్థం కట్టిపడేస్తుంది. కాల్షియం చాలనప్పుడు శరీరం డి ని త్వరత్వరగా ఖర్చు పెట్టేస్తుంది. చిల్లికుండలో నీళ్ళు పోసినట్టు ఎండ ఇచ్చినది ఇచ్చినట్టే పోతూ ఉంటుంది.

కనుక ఆ రైతు నవ్వనక్కరలేదు. ఎండల సీమలో ఎండ విటమిను తక్కువ కావడం వింత కాదు. కాని దాని వల్లనే అతని చర్మం పాడయిందా అన్నది వేరే ప్రశ్న. విటమినుకూ చర్మానికీ రెండు రకాల చుట్టరికాలు ఉన్నాయి. ఆ రెండూ కలగాపులగం కావడం వల్లనే ఈ చిక్కంతా. మొదటి రకం చుట్టరికం ఎట్లా ఉంటుందో తెలుసుకోవడానికి వేరే దేశం పోనక్కరలేదు, అది తెలంగాణ జొన్నచేలలోనే జరిగిన కథ.

మెడలో కంటె

జొన్నరొట్టె, జొన్నగటక మీద బతికే బీదవాళ్ళకు దక్కను పీఠభూమిలో ఒక జబ్బు వచ్చేది. ఎండ తగిలే చోట్ల మాత్రమే - ముంజేతుల వెనుక, పాదాల మీద, మెడ చుట్టూ - చర్మం కమిలి, నల్లబడి, మొరటు తేలి, పగుళ్ళు వేసేది. మెడలో కంటె పెట్టినట్టు గుండ్రంగా ఒక పట్టీ ఏర్పడేది. తరువాత విరేచనాలు, ఆ తరువాత మతి చెదరడం. దానికి పెల్లాగ్రా అని పేరు, ఇటాలియను భాషలో మొరటు చర్మమని అర్థం. స్పెయినులో గాస్పర్ కాసల్ అనే వైద్యుడు 1735 ప్రాంతంలో మొక్కజొన్న తినే బీద రైతుల్లో దీన్ని గుర్తించి వర్ణించాడు. ఆ మెడపట్టీని వైద్యులు ఈనాటికీ కాసల్ కంటె అనే అంటారు.

చాలాకాలం ఇది అంటుజబ్బని భయపడ్డారు. అమెరికాలో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ 1915లో మిసిసిపీ రాష్ట్రపు ఖైదీలకు మొక్కజొన్న ముఖ్యంగా ఉండే తిండి పెట్టి, జబ్బును తెప్పించి చూపి, లోపం తిండిలోనేనని రుజువు చేశాడు. 1937లో కాన్రాడ్ ఎల్వెహ్యెమ్ ఆ లోపించినది నియాసిన్ అనే బి విటమిను అని తేల్చాడు. మొక్కజొన్న సంగతి అట్లా తేలింది. మరి జొన్న మాటేమిటి? జొన్నలో నియాసిన్ మరీ తక్కువేమీ కాదు గదా!

ఈ ముడి హైదరాబాదులోనే విప్పబోయారు. కూనూరులో ఉండిన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలి వచ్చింది. 1969 నుంచి దాని పేరే జాతీయ పోషకాహార సంస్థ. డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో 'లాన్సెట్' పత్రికలో ఒక సమాధానం చెప్పారు. జొన్నలో లూసిన్ అనే ఎమినో ఆమ్లం పాలు ఎక్కువ, అది శరీరం తనంతట తాను నియాసిన్ తయారు చేసుకునే దారికి అడ్డు తగులుతున్నదని వారి వాదం. ఈ లూసిన్ వాదం మీద ఇతర దేశాలలో చర్చలు చాలా జరిగాయి. ఆ చర్చ ఎట్లా ఉన్నా, రోగి విషయంలో చర్చకు తావు లేదు. నియాసిన్ ఇస్తే రోజుల్లో విరేచనాలు కట్టేవి, మతి కుదుటపడేది, కొద్ది వారాలలో కంటె రాలిపోయి కింద కొత్త చర్మం కనిపించేది.

మొదటి రకం చుట్టరికం ఇదీ. ఇక్కడ లోపమే జబ్బు. దాన్ని పూడిస్తే జబ్బు లేదు. జొన్నలు తగ్గి బియ్యం పెరిగి, పప్పూ పాలూ కాస్తయినా అందుతూ వచ్చాక ఆ కంటె వేసుకుని వచ్చే రోగులు అరుదైపోయారు. (ఈ మాట చదివి జొన్నరొట్టె మానేయనక్కరలేదు. పప్పుతోనో, పాలతోనో, మాంసంతోనో కలిపి తినేవారికి జొన్న చేసే అపకారం ఏమీ లేదు. బీదవాడు ఉప్పూకారంతో అదొక్కటే తినవలసి రావడమే అపకారం.)

సొరియాసిస్ ఇటువంటి జబ్బు కాదు.

పొలుసుల జబ్బు

మామూలు చర్మంలో అడుగుపొరలో పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి సుమారు నెల పడుతుంది. సొరియాసిస్ మచ్చలో అదే పని మూడు నాలుగు రోజుల్లో అయిపోతుంది. ముదరకుండానే పైకి వచ్చిన కణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని పొలుసు కడతాయి. శరీరాన్ని కాపాడవలసిన తెల్లకణాలు దారి తప్పి చర్మం మీదనే యుద్ధం ప్రకటించడం దీనికి కారణం. కొంత వంశపారంపర్యం, కొంత గొంతునొప్పి వంటి అంటువ్యాధుల ప్రేరణ, కొంత పొగాకు, మద్యం, మనోవ్యథ. గీరినచోట, దెబ్బ తగిలినచోట కొత్త మచ్చ లేస్తుంది. నూటికి ఒకరికో ఇద్దరికో ఉండే జబ్బు.

ఇది అంటుకోదు. కుష్ఠు కాదు, తామర కాదు, గజ్జి కాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా పల్లెల్లో చెల్లుబాటు కావడం లేదు. పెళ్ళి కావలసిన పిల్లకు మోచేతి మీద మచ్చ ఉంటే ఆ ఇంట్లో నిద్ర ఉండదు. కూలికి పోయినచోట నీళ్ళ చెంబు వేరుగా పెడతారు. అందుచేత రోగి ఏం చేస్తాడు? వేసవిలో కూడా పూర్తిచేతుల చొక్కా వేస్తాడు, ఆడవాళ్ళయితే మణికట్టు దాకా రవిక. నలుగురూ ఉండే వేళల్లో బయటికి రారు.

విటమిను లెక్కకు ఈ సంగతి ఎంతో ముఖ్యం. సొరియాసిస్ రోగుల రక్తంలో డి ఇతరులకన్నా తక్కువగా ఉంటుందని ఎన్నో దేశాలలో కొలిచి చెప్పారు. నిజమే. కాని తక్కువ కావడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బును దాచుకుని నీడపట్టున ఉండటం వల్ల తక్కువయిందా? పైగా శరీరంలో ఎక్కడ వాపూ మంటా ఉన్నా రక్తంలో ఆ కొలత దిగుతుంది. స్థూలకాయం ఉంటే కూడా దిగుతుంది. సొరియాసిస్ రోగుల్లో ఈ రెండూ తరచుగా ఉంటాయి. వాన పడ్డప్పుడు గొడుగులు కనిపిస్తాయి, గొడుగులు విప్పడం వల్ల వాన పడ్డదనలేం గదా.

ఇంత చెప్పాక, డి కీ ఈ జబ్బుకూ ఏ సంబంధమూ లేదని కొట్టిపారేద్దామా అంటే అదీ కుదరదు. 1985లో జపానులోని ఒసాకాలో ఒక చిత్రం జరిగింది. ఎముకలు గుల్లబారిన ఒక రోగికి మొరిమోటో, కుమహారా అనే వైద్యులు డి జాతి మందు ఇస్తున్నారు. ఆ రోగికి సొరియాసిస్ కూడా ఉన్నది. ఎముకల కోసం మందు ఇస్తే చర్మం మీది మచ్చలు మాయమయ్యాయి! అక్కడి నుంచి వెదకగా, చర్మకణాలు తొందరపడి పెరగకుండా, నిదానంగా ముదిరేటట్టు డి ఆజ్ఞ ఇస్తుందనీ, దారి తప్పిన తెల్లకణాలను శాంతింపజేస్తుందనీ తెలిసింది. అయితే చర్మానికి సరిపోయేంత మందు నోట మింగిస్తే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరిగేటట్టు ఉన్నది. అందుకని డెన్మార్కు దేశపు రసాయనజ్ఞులు అణువును కొంచెం మార్చి, పైపూతకు పనికివచ్చే కాల్సిపోట్రియాల్ అనే మందు తయారు చేశారు. 1990లలో అది లోకమంతా వ్యాపించింది. ఈనాటికీ సొరియాసిస్‌కు నమ్మదగిన పూతమందులలో అది ఒకటి. మన ఊళ్ళ మందుల షాపుల్లోనూ దొరుకుతుంది, కాకపోతే కూలివాడి చేతికి ఖరీదైనదే.

రెండవ రకం చుట్టరికం ఇది. ఇక్కడ డి తిండిగా రాలేదు, మందుగా వచ్చింది. లోపాన్ని పూడ్చడం కాదు, మచ్చ మీద పని చేయించడం. లోపం లేనివాడి మచ్చ మీద పూసినా అది పని చేస్తుంది.

మరి మాత్రలు మింగితే? దీనికి సూటి అయిన జవాబు నార్వే దేశపు ట్రోమ్సో నుంచి వచ్చింది. అది భూగోళం నెత్తిన ఉన్న ఊరు, చలికాలంలో దాదాపు రెండు నెలలు అక్కడ సూర్యుడే ఉదయించడు. డి మాత్రలను పరీక్షించడానికి అంతకు మించిన చోటు ఏముంటుంది? రక్తంలో డి తక్కువగా ఉన్న 122 మంది సొరియాసిస్ రోగులను రెండు జట్లు చేసి, చలికాలంలో నాలుగు నెలలపాటు ఒక జట్టుకు మొదట లక్ష యూనిట్లు, తరువాత వారం వారం 20 వేల యూనిట్ల డి ఇచ్చారు. రెండవ జట్టుకు మందులేని మాత్రలు. ఎవరికి ఏది పోతున్నదో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. 2023లో ఫలితం ప్రకటించారు. మందు తీసుకున్నవారి రక్తంలో డి చక్కగా పెరిగింది. చర్మం మట్టుకు రెండు జట్లలోనూ ఒక్క తీరుగానే ఉన్నది. ఆ రోగులలో చాలామందికి జబ్బు తేలికపాటిదేనన్న మాట కూడా చెప్పాలి. తీవ్రమైన జబ్బులో ఏమవుతుందో ఆ పరీక్ష చెప్పలేదు.

ఎగ్జిమా విషయంలో కొంచెం ఆశ ఉన్నది. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో చలికాలంలో ఎగ్జిమా ముదిరే 107 మంది పిల్లలపై జరిపిన పరీక్షలో, నెలరోజులు దినానికి 1000 యూనిట్ల డి తీసుకున్నవారికి ఎక్కువ గుణం కనిపించింది. 2014లో వచ్చిన మాట ఇది. అయితే అవి చలికి బిగుసుకుపోయే పిల్లలు, ఎండ మొహం చూడని నెలలు. ఆ ఫలితాన్ని తీసుకువచ్చి దేవరకొండ పిల్లలకు అంటించడానికి వీలు లేదు. అమెరికాలో 25,871 మంది పెద్దవారిపై అయిదేళ్ళకు పైగా జరిగిన మరొక పెద్ద పరీక్షలో, దినానికి 2000 యూనిట్లు తీసుకున్నవారికి శరీరం తన మీద తానే తిరగబడే రకం జబ్బులన్నీ కలిపి నూటికి 22 వంతులు తక్కువగా వచ్చాయి. 2022లో ప్రకటించారు. సొరియాసిస్ ఒక్కదాన్నీ విడదీసి చూస్తే తేల్చి చెప్పదగిన తేడా లేదు. పైగా అది జబ్బు రాకుండా చూసుకునే లెక్క, వచ్చినదాన్ని పోగొట్టే లెక్క కాదు.

ఇంజక్షన్ల మోజు

లోపం ఉంటే పూడ్చుకోవద్దని ఇదంతా చెప్పడం లేదు. ఎముకలకు, కండరాలకు డి కావాలి, తక్కువగా ఉన్నవారు డాక్టరు చెప్పినట్టు తీసుకోవాలి. చిక్కు ఎక్కడంటే, చర్మం మీద గుణం కనిపించకపోయేసరికి మోతాదు చాలలేదనుకుని పెంచుకుంటూ పోవడంలో ఉన్నది. మన దేశంలో 60 వేల యూనిట్ల గోళీలు, పొడి పొట్లాలు వాడుకలో ఉన్నాయి. అవి వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు మాత్రమే వాడవలసినవి. వారానికొకటి అన్నదాన్ని రోజుకొకటిగా విని మింగినవాళ్ళు ఆస్పత్రుల పాలయిన సందర్భాలు వైద్యులకు తెలియనివి కావు. ఆరు లక్షల యూనిట్ల ఇంజక్షను కూడా ఉన్నది. ఎండ ఎక్కువైతే చర్మం మిగులు విటమినును తానే విరిచేసుకుంటుంది. సీసాలోంచి వచ్చినదానికి ఆ కట్టడి లేదు. వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మగత, చివరికి మూత్రపిండాల చేటు - ఇదీ డి ఎక్కువైనప్పటి వరస.

అంతకన్నా చెడ్డది మరొకటి. ఊళ్ళో సూది వేసే పెద్దమనిషి "ఒక్క సూదితో ఊడ్చేస్తా" అని వేసేది చాలాసార్లు స్టెరాయిడ్ ఇంజక్షను. నిజంగానే వారంలో మచ్చలు మాయమవుతాయి, ఊరంతా ఆయన హస్తవాసిని పొగుడుతుంది. దాని బలం దిగిపోగానే జబ్బు రెట్టింపై తిరగబడుతుంది. కొందరికి ఒళ్ళంతా చీముపొక్కులు లేచి ప్రాణం మీదికి కూడా వస్తుంది.

నల్లగొండ వారు ప్రత్యేకించి గుర్తుంచుకోవలసినది ఇంకొకటి ఉన్నది. సొరియాసిస్ రోగులలో కొందరికి కీళ్ళవాతం కూడా వస్తుంది. ఆ జిల్లాలో కీళ్ళు నొప్పులంటే ఎవరికైనా ముందు తట్టేది ఫ్లోరైడు నీళ్ళు. అనుమానం ఊరికే పుట్టలేదు. నిజాం రాజ్యపు తూర్పు జిల్లాల ఫ్లోరైడు జబ్బును గురించి 1945లోనే వైద్యపత్రికలో వచ్చింది. జొన్నలు తిని ఆ నీళ్ళు తాగే పిల్లలకు మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని జాతీయ పోషకాహార సంస్థ వారు 1973లో లోకానికి తెలియజేశారు. పటికా, సున్నమూ కలిపి నీళ్ళలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి లోకమంతా నల్లగొండ పేరే పెట్టుకున్నది. కృష్ణానది నీళ్ళు కుళాయిల్లో వచ్చినా, పాత నీళ్ళు ఎముకల్లో చేసిన చేటు పాతవాళ్ళకు ఉండనే ఉన్నది. అందుచేత పొలుసుల జబ్బు ఉన్నవాడు నడుము పట్టేసింది, వేళ్ళు వాచాయి అంటే "ఫ్లోరైడే" అని ఇంట్లో ఒకరూ, "డి తక్కువ" అని మరొకరూ తేల్చేయడానికి అవకాశం ఎక్కువ. ఒక వేలు మొత్తం ఉబ్బి బిగుసుకోవడం, మడమ నొప్పి, పొద్దున లేవగానే అరగంటకు పైగా కీళ్ళు కదలకపోవడం, గోళ్ళ మీద సూదితో పొడిచినట్టు గుంటలు - ఇవి ఉంటే అది సొరియాసిస్ కీళ్ళవాతం కావచ్చు. వేళకు చూపించుకుంటే దానికి మందులున్నాయి, ఆలస్యమైతే వంగిన వేలు మళ్ళీ చక్కనవదు.

మళ్ళీ ఎండ దగ్గరికి

విటమిను మాత్ర వల్ల పోని మచ్చ ఎండ వల్ల తగ్గడం మట్టుకు నిజం. వేసవిలో గుణంగా ఉండి చలి రాగానే తిరగబడుతుందని చాలామంది రోగులు చెబుతారు. కొద్దిమందికి మాత్రం ఎండ సరిపడక ఎక్కువవుతుంది. పెద్ద ఆస్పత్రులలో 311 నానోమీటర్ల కిరణాలనే ఏరి ఇచ్చే దీపాల గదులు ఉంటాయి. వారానికి రెండు మూడుసార్లు చొప్పున రెండు మూడు నెలలు ఆ దీపాల ఎదుట నిలబెట్టి వైద్యం చేస్తారు. మంచి వైద్యమే. కాని అది హైదరాబాదులోనే దొరికేటట్టయితే నల్లగొండకైనా, మహబూబ్‌నగర్‌కైనా సుమారు వంద కిలోమీటర్ల దూరం. వారానికి మూడు కూలిరోజులు, మూడుసార్లు బస్సు చార్జీలు. లెక్క వేసుకుని చాలామంది నాలుగో వారానికి మానేస్తారు.

అందువల్ల మన దేశపు చర్మవైద్యులు ఒక పాత దారిని కొత్తగా వాడుతున్నారు. బావంచాలు మన పచారీ కొట్లకు కొత్త కాదు. బొల్లికి ఆ గింజలు నూరి పూసి ఎండలో కూర్చోబెట్టడం ఆయుర్వేదంలో ఎప్పటి నుంచో ఉన్నది. 1933లో మన దేశపు రసాయనజ్ఞులు ఆ గింజల్లోంచి సొరాలెన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. 1974లో బోస్టనులో పారిష్, ఫిట్జ్‌పాట్రిక్ అనే వైద్యులు, బృందంతో కలిసి, ఆ జాతి మందును మింగించి దీపం కింద నిలబెట్టి సొరియాసిస్‌ను లొంగదీశారు. మన వైద్యులు దీపం బదులు ఎండనే వాడుకుంటారు. మందు వేసుకున్న రెండు గంటలకు, రోజు విడిచి రోజు, మొదట అయిదు నిమిషాలు, తరువాత కొద్ది కొద్దిగా పెంచుకుంటూ. డాక్టరు లెక్క లేకుండా అంగడి బావంచాలు నూరి పట్టిస్తే మాత్రం బొబ్బలెక్కి పుండు పడుతుంది. మందు మింగిన రోజు పొద్దుగూకేదాకా నల్లద్దాలు తీయరాదు.

ఇందులో ఒక తమాషా ఉన్నది. ఈ వైద్యంలో సొరాలెన్‌తో కలిసి పనిచేసేది ఎండలోని పొట్టి కిరణాలు కావు, ఎ తరగతికి చెందిన పొడుగు కిరణాలు. అవి అద్దాన్ని కూడా దాటుతాయి. మచ్చలను తగ్గిస్తాయి. వాటికి విటమిన్ డి ఒక చుక్క తయారు చేయడం చేతకాదు.